నందవరం దాటాక దిగిన ఊరు

ఆదోని, 14-3-1979

తమ్ముడు వెంకోబారావుకు,

ముందే గదులు మాట్లాడుకుని, బంధువులకు కార్డులు రాసి చేసేది ప్రయాణం కాదు, డ్యూటీ! నిన్న నేను ముందొచ్చిన బస్సెక్కి, నందవరం దాటాక, పేరైనా అడగకుండా ఒక పల్లెలో దిగాను. ఆ స్వేచ్ఛ నీకేం తెలుసు?

మొదటి ఇంటి అరుగు మీద ఒక ముసలామె విస్తరి వేసి కూర్చుంది.

"ఇంత పొద్దెక్కినాక వస్తావేమప్పా? సంగటి సల్లారిపాయ."

"నేనెవరో తెలుసా అవ్వా?"

"వెంకోబారావు అన్నవి కాదా? పెద్దోడు ఆకలితో దిగుతాడు, ఇంత కూడు పెట్టమని మీ నాయన ఇప్పుడే సెప్పి పోయినాడు."

నాన్న పోయి తొమ్మిదేళ్లు. తద్దినాలు దండగని వాదించి నేనొక్కసారీ పెట్టలేదు. ఇది ఎవరో మోసగాడి పనే. కానీ ఎక్కడ దిగుతానో దిగేదాకా నాకే తెలియదు కదా!

తిన్నాను.

నా ఇంట్లో పంచాంగం ఉండదు. నిన్న నాన్న తిథి కాదని వెంటనే రాయి.

నీ అన్న