మా రిసీవర్లు, మావయ్య సెక్షన్లు

సాల్మియా, కువైట్
నవంబరు 8

పూజ్యులైన మావయ్యగారికి, ఇక్కడ ఎండ తగ్గిన సంతోషంలో మేనల్లుడు మణి నమస్కరించి రాసేది.

నేను క్షేమం. ఫోనులో నా మాట మీకు వినపడదు కనుక కాగితం మీద రాసి, ఫొటో తీసి నాగేశ్వరి గారి జిరాక్సు షాపుకి పంపుతున్నాను. రెండు పేజీలు. ఆవిడ ప్రింటు తీసి మీకిస్తారు.

రెస్టారెంటులో నన్ను సూపర్‌వైజరుని చేశారు. అసలు సంగతి అది కాదు. శుక్రవారం సాయంత్రాలు మేం కొందరం అర్దియాలో ఒక స్కూలు గ్రౌండులో అమెరికా వాళ్ల ఫుట్‌బాల్ ఆడుతున్నాం. పేరుకే ఫుట్‌బాల్, కాలితో పనిలేదు. చేత్తో విసరడం, చేత్తో పట్టుకోవడం. బంతి గుండ్రంగా కాకుండా ఒలిచిన కొబ్బరికాయలా ఉంటుంది. అందుకే దాన్ని కాయ అంటాం. కాయతో అవతలి గీత దాటితే ఆరు పాయింట్లు. మనిషిని పడదొయ్యకూడదు, నడుముకి వేలాడే గుడ్డముక్క లాగేస్తే దొరికిపోయినట్టు. కాయ మన చేతిలో ఉన్నప్పుడు మనం చేసే దాడిని అఫెన్సు అంటారు. విసిరిన కాయ అందుకునేవాళ్లు రిసీవర్లు. ఇక్కడి పోటీల్లో వరసగా ఓడిన జట్టుని తీసేస్తారు. మా జట్టుకి నేనే కెప్టెన్ని.

నవ్వకండి. మా యెహోషువది పాలకొల్లు. ఒక కువైటీ ఇంట్లో డ్రైవరు. ఊరెళ్లి నాలుగేళ్లయింది. వారమంతా "యల్లా, యల్లా" అని తొందరపెట్టేవాళ్లే తప్ప, తనని పేరు పెట్టి పిలిచేది ఆ గ్రౌండులోనే అంటాడు.

(రెండో పేజీ)

ఇక కష్టం చెబుతాను. మా అఫెన్సు మొత్తం పాసింగు మీదే నడుస్తోంది. జోనాథన్ అని ఆసుపత్రిలో నర్సు, మంచి చెయ్యి. కాయని నలభై గజాలు పంపిస్తాడు. రిసీవర్లే కుదరడం లేదు మావయ్యా. యెహోషువ పరిగెత్తలేడు. బుడేన్ సాహెబ్‌కి యాభై దగ్గరపడ్డాయి. చేతికొచ్చిన కాయని ఇద్దరూ జారవిడవరు గాని, వాళ్లు అక్కడికి చేరేలోగా కాయ వెళ్లిపోతోంది. మూడు శుక్రవారాలుగా దొరికిపోతూనే ఉన్నాం. మొన్న అందరూ చూస్తుండగా నా నడుం గుడ్డ లాగేశారు. ఇంకో రెండుసార్లు ఇలాగే అయితే ఖలాస్, మమ్మల్ని తీసేస్తారు. మార్చాల్సింది జోనాథన్‌నా, రిసీవర్లనా? మీ సలహా కావాలి.

మీ మణి

తా.క. కరుణమ్మ కూడా మాతో చేరింది. ముబారక్ అల్ కబీర్‌లో ఒక ఇంట్లో వంటమనిషి. ఆ ఇంటావిడ శుక్రవారం మూడు గంటలు వదులుతుంది. ఒకసారి చేతిలో పడ్డాక కరుణమ్మ దగ్గర్నుంచి ఎవడూ లాక్కోలేడు.


రాజోలు
నవంబరు 11

చిరంజీవి మణికి, ఏ గదిలో ఉన్నా క్షేమంగా ఉండాలని మేనమామ భీమరాజు ఆశీర్వదించి రాసేది.

నీ ఉత్తరం ఒక్క కాగితం అందింది. నమస్కారం లేదు, క్షేమం లేదు, "ఇక కష్టం చెబుతాను" అని మొదలుపెట్టావు. అక్కడే లేచి వీధి తలుపు గడియ పెట్టాను.

రాజోలు కోర్టులో ముప్ఫై నాలుగేళ్లు బెంచి క్లర్కుగా చేసినవాణ్ని. అఫెన్సు అంటే నేరమని నాకు ఒకరు చెప్పాలా? రిసీవర్లంటే దొంగసొత్తు పుచ్చుకునేవాళ్లు, పాత చట్టంలో నాలుగు వందల పదకొండో సెక్షను. పాసింగంటే సరుకు చేతులు మార్చడం. ఆ "కాయ" ఏమిటో నేను అడగను, నువ్వు రాయకు. బంగారమైతే ఒక బాధ, మత్తుమందైతే ఆ దేశంలో తలకాయే తీసేస్తారట.

మూడు శుక్రవారాలు దొరికినా వదిలిపెట్టారంటే అక్కడి పోలీసులు దేవుళ్లు. పదిమందిలో నడుం గుడ్డ లాగారన్న చోట నేను కళ్లజోడు తీసి పక్కన పెట్టేశాను. రోగులకి సేవ చెయ్యాల్సినవాడు మీకు నాయకుడా? వంట చేసుకుని బతికే ఆ కరుణమ్మని కూడా దింపారా? వారానికి మూడు గంటలు వదులుతున్నారంటే పాపం ఆవిడ ఇప్పటికే లోపల ఉందన్నమాట.

మానెయ్. ఈ కాగితం చేరిన రోజే మానెయ్.

నీ మేలు కోరే మావయ్య

తా.క. నీ ఉత్తరం నాగేశ్వరి చదవలేదట. ఒట్టేసి చెప్పింది. "మణిగారికి బెయిలొస్తుందాండీ?" అని మాత్రం అడిగింది.


సాల్మియా
నవంబరు 15

గౌరవనీయులైన బెంచి క్లర్కు మావయ్యగారి సముఖానికి, ఒకటో ముద్దాయి మణి చేతులు కట్టుకుని విన్నవించేది.

మీ హాస్యం ఎక్కడికీ పోలేదు మావయ్యా! ఉత్తరం గ్రౌండులో పైకి చదివి వినిపించాను. ఒకళ్ల మీద ఒకళ్లు పడి నవ్వారు. సెక్షను యెహోషువకి ఎంత నచ్చిందంటే, చొక్కా వెనక 411 అని వేయించుకున్నాడు. కరుణమ్మ అయితే "లోపల ఉన్నమాట నిజమేనండి, వంటింటి లోపల" అని మీకు చెప్పమంది.

మానెయ్యమన్నారు. అదొక్కటీ మావల్ల కాదు. యెహోషువతో అంటే, "ఇది కూడా తీసేస్తే నాకు శుక్రవారమన్నదే లేదన్నా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గాని, బూటు లేసు కట్టుకుంటూ చాలాసేపు తల ఎత్తలేదు.

నిన్న నాలుగోసారి కూడా అదే తంతు. గీత ఇంకో రెండడుగులుందనగా దొరికిపోయాం. మూడు కాయల్ని అవతలివాళ్లు మధ్యలోనే ఎగరేసుకుపోయారు. మా బుడేన్ సాహెబ్ కడప మనిషి, నడుం పట్టుకుని కూలబడి, "ఏందప్పా మణీ, అంత దూరం ఇసిరితే నేనేమన్నా గద్దనా ఎగిరి పట్టేదానికి?" అన్నాడు. ఆ మాటకి జోనాథన్‌కి కోపమొచ్చింది. ఇద్దరికీ మాటల్లేవు.

వచ్చే శుక్రవారం పోటీ లేదు, 28వ తేదీ ఆఖరి అవకాశం. కాయ సంగతి మొదటి పేజీలోనే రాశాను కదా, ఇంకోసారి చూసి, ఈసారి హాస్యం పక్కనపెట్టి ఉపాయం చెప్పండి.

మీ ముద్దాయి మణి

తా.క. బెయిలు అక్కర్లేదని నాగేశ్వరి గారికి చెప్పండి. మమ్మల్ని పట్టుకునేవాళ్లు మంచివాళ్లే. అయిపోయాక అందరం కలిసి కూచుని కరుణమ్మ తెచ్చిన పులిహోర తింటాం.


రాజోలు
నవంబరు 18

చదివిన వెంటనే చించెయ్యాలన్న షరతు మీద, చిరంజీవి మణికి మావయ్య ఆశీర్వదించి రాసేది.

నేరాన్ని ఇంత హుషారుగా ఒప్పుకున్న ముద్దాయిని నా సర్వీసులో చూడలేదు. సెక్షను చొక్కా మీద వేయించుకున్నవాణ్ని అంతకంటే చూడలేదు. మామూలుగా అది ఛార్జిషీటులో వేస్తారు.

మొదటి పేజీ చూడమన్నావు. నాకు మొదటి పేజీ రాలేదు. తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. ఎవరడిగినా "అది మొదటి పేజీలో ఉంది" అనాలి, ఆ పేజీ మాత్రం ఎక్కడా ఉండకూడదు. ఏర్పాటు బాగానే ఉంది. గీత అంటే సరిహద్దు. మధ్యలో ఎగరేసుకుపోయేది ఇంకో ముఠా. అన్నీ తెలిశాయి.

రెండు రోజులు అన్నం సయించలేదు. నీ మీద కోపంతో పోలీసులకే రాద్దామని కలం తీశాను. యెహోషువ తల ఎత్తలేదన్న వాక్యం దగ్గర కలం ఆగిపోయింది. ఆ మనిషిని నేను చూడలేదు గాని, బోనులో అలా తల దించుకు నిలబడ్డవాళ్లని చాలామందిని చూశాను. ముప్ఫై నాలుగేళ్లలో ఏ ముద్దాయికీ చెవిలో ఒక్క మాట చెప్పి ఎరగను. నీకు చెబుతున్నాను, భగవంతుడు నన్ను క్షమించాలి.

దూరం విసరడం కట్టిపెట్టండి. నేను చూసిన కేసుల్లో దూరం విసిరినవాళ్లందరూ దొరికారు. నీ మనుషులు ముసలివాళ్లు, బరువువాళ్లు. వాళ్లని ఎందుకు పరిగెత్తిస్తావు? వాళ్లు చెయ్యగలిగిన అఫెన్సే చెయ్యండి. మన లంకల్లో పడవలోంచి లారీలోకి కొబ్బరికాయలు ఎలా అందిస్తారు? రెండు మూడు గజాలకి ఒక మనిషి. వచ్చింది వచ్చినట్టు పక్కవాడికి. ఒకడి చేతిలో కాయ రెండు క్షణాలు ఉండకూడదు. చేతిలో లేనివాణ్ని పట్టుకుని ఎవరూ ఏమీ చెయ్యలేరు.

ఇంతకు మించి నన్ను అడగకు.

మావయ్య

తా.క. పులిహోరకి లొంగే పోలీసుల్ని నేను వినలేదు. ఆవ పెట్టి చేస్తుందా?


సాల్మియా
నవంబరు 29

అర్దియా గ్రౌండు అంతా తలుచుకుంటున్న మావయ్యగారికి, మణి సాష్టాంగపడి రాసేది.

గెలిచాం! ఇప్పుడు మొదటినుంచీ చెబుతాను, కూచుని చదవండి.

కొబ్బరికాయలు అందించినట్టు అన్న ముక్క చదివానో లేదో యెహోషువ లేచి నిలబడ్డాడు. "అన్నా, అలాగైతే నేను పొద్దున్నుంచి సాయంత్రందాకా పడతాను. అంబాజీపేటలో ఐదేళ్లు లారీలకి కాయలెక్కించాను" అన్నాడు. బుడేన్ సాహెబ్ కూడా తాపీపని చేసిన రోజుల్లో కిందనుంచి విసిరిన ఇటుకల్ని పట్టినవాడేనట. ఇన్నాళ్లూ మేం ఎవరినీ అడగలేదు. జోనాథన్ ఒక్కడే మొహం ముడుచుకున్నాడు. "నలభై గజాలు విసిరే చెయ్యి నాది. నాలుగు గజాలకి విసరమంటావా?" అన్నాడు. కరుణమ్మ వెంటనే, "నీ చెయ్యి ఎంత దూరం ఎల్తే మాకేంటి బాబూ, కాయ మా చేతికి రావాల గానీ" అంది. ఆ పూట నుంచే వాడు నాలుగు గజాలే విసిరాడు.

ముందుకి ఒక్కసారే విసరాలి గాని, వెనక్కి ఎన్నిసార్లయినా అందించుకోవచ్చు. నిన్న ఆఖరి నిమిషానికి వాళ్లవి పన్నెండు, మావి ఎనిమిది. జోనాథన్ బుడేన్ సాహెబ్‌కి ఇచ్చాడు. గుడ్డ లాగబోతుంటే ఆయన వెనకనున్న యెహోషువకి, యెహోషువ పక్కనున్న కరుణమ్మకి. కరుణమ్మ కాయని చంకలో ఇరికించుకుని, పొయ్యి మీద పాలు పొంగుతున్నంత కంగారుగా గీత దాటేసింది. పద్నాలుగు!

మేం అరుస్తుండగా కోట్లు వేసుకున్న పెద్దమనుషులిద్దరు మైదానంలోకి వచ్చారు. ఇక్కడి తెలుగు సంఘం వాళ్లు, మా రెస్టారెంటులో వాకబు చేసి వచ్చారట. "ఎవరూ కదలకండి. కాయ ఎక్కడ?" అన్నారు. ఇచ్చాను. ఒకాయన వాసన చూశాడు. ఇంకొకాయన చెవి దగ్గర పెట్టుకుని ఆడించాడు, నీళ్లున్నాయేమోనన్నట్టు. అప్పుడు మీరు వాళ్లకి రాసిన ఉత్తరం బయటికి తీసి చదివారు. మొదటి పేజీ రాలేదని మీరు రాసింది హాస్యం కాదని నాకు అప్పుడు తెలిసింది.

మావయ్యా, మేం ఆడుతున్నది ఆట. కాయంటే బంతి. అఫెన్సంటే బంతి మన దగ్గరున్నప్పుడు ఆడే తీరు. అంతే!

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. చివరికి, "వాడు చేసింది తప్పే. అయినా వాడికి పడే శిక్షలో సగం నాకు వేసే వీలుంటే దయచేసి చూడండి" అని మీరు రాసిన చోట మాత్రం ఒక్కరికీ నవ్వు రాలేదు. యెహోషువ ఆ కాగితం అడిగి తీసుకుని, తనకి తానే ఇంకోసారి చదువుకున్నాడు.

మీ మణి

తా.క. కాయ వాసన చూసిన కోటు పెద్దమనిషి వచ్చే వారం నుంచి రిసీవరుగా చేరతానంటున్నాడు. కోటు మాత్రం తియ్యడట.


రాజోలు
డిసెంబరు 2

ఏ నేరమూ ఎరగని చిరంజీవి మణికి, సిగ్గుతో మావయ్య ఆశీర్వదించి రాసేది.

ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి కుర్చీలో కూలబడ్డాను. రెండోసారి ఒక్కణ్నే గట్టిగా నవ్వాను. మొదటి పేజీ నాగేశ్వరి షాపులో ప్రింటు మిషనులోనే ఉండిపోయిందట. తర్వాత మీ అమ్మ పాపాయమ్మ దగ్గరికి వెళ్లాను. ఇన్నాళ్లూ నీకు కామెర్లనీ, మాట్లాడితే ఆయాసమొస్తుందనీ చెప్పి, నీకు ఫోను చెయ్యనివ్వలేదు. బ్లౌజు కుడుతోంది. నిలబడే అంతా ఒప్పుకున్నాను.

మిషను ఆపకుండానే అంది: "తెలుసన్నయ్యా. మణి దగ్గర నా నంబరు తీసుకుని కరుణమ్మ ప్రతి శుక్రవారం నాకు వీడియో పెడద్ది. కామెర్లోడు అంతలేసి పరుగులు ఎలా పెడతాడా అని నేనే అనుకున్నాను. నీకు చెబితే ఎముక విరిగితే ఏ సెక్షనని మొదలెడతావని ఊరుకున్నాను."

నువ్వు దొంగవని భయపడి నేను ఆవిడ దగ్గర దాచాను. నువ్వు ఆడుతున్నావని ఆవిడ నా దగ్గర దాచింది. ఈ ఇంట్లో అసలు నేరస్థులం మేమిద్దరమే.

అంతటితో ఆగలేదు. నా ఉపాయం తప్పంటుంది! "దగ్గర పాసులు ఒకసారికి సరే. వచ్చే వారం వాళ్లందరూ దగ్గరికొచ్చి మూగుతారు. అప్పుడు జోనాథన్‌ని ఒక్కటంటే ఒక్కటి ఆ నలభై గజాలూ విసరమను. కరుణమ్మని ముందే దూరంగా నిలబెట్టమను. దాన్ని వంటమనిషే కదా అని ఎవడూ పట్టించుకోడు" అని నీకు రాయమంది. నాకు ఒప్పుకోవడం ఇష్టం లేదు. కాని వీడియో నాలుగుసార్లు చూశాక, ఆవిడ చెప్పిందే సబబని తీర్పు ఇస్తున్నాను.

ఈ శుక్రవారం మీ ఆట ఫోనులో చూడ్డానికి మీ అమ్మ మిషను పక్కన చాప వేస్తోంది. నేను, నాగేశ్వరి, పక్కింటివాళ్లు, నా పాత ఆఫీసు వాళ్లు ఇద్దరు వస్తున్నారు. కరుణమ్మ ఆడుతుంటే వీడియో ఎవరు తీస్తారో ముందే ఏర్పాటు చెయ్యి.

ఆశీస్సులతో, మీ జట్టు వైపు న్యాయ సలహాదారు
భీమరాజు

తా.క. రెండో వారం వీడియోలో బుడేన్ సాహెబ్ కాలు గీత లోపలే ఉంది. నేను భూతద్దం పెట్టి చూశాను. ఆ ఈల మనిషి ఇచ్చిన తీర్పు చెల్లదు. అప్పీలు రాసి దీంతో జతచేశాను, పదకొండు పేజీలు. ఎవరికి దాఖలు చెయ్యాలో కనుక్కో.