పదో గైర్హాజరు

ఈ ఉదయం నర్సు నా మణికట్టుకు పట్టీ కట్టి, దాని మీది పేరు నన్నే చదవమంది. చదివాను. ఇండియానాలో పుట్టి పెరిగిన ఆనెట్ ష్నైడర్ అనే నేను, ఇరవై ఏడేళ్ల దానను, రేపు గుండె ఆపరేషను కానున్నందున, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. దీన్ని అమలు చేయవలసింది మా అక్క తెరీసా.

1. నా పుస్తకాలు నేను చదువుకున్న కన్యాస్త్రీల బడికి చెందాలి. అంచుల్లో నేను రాసుకున్నవి ముందుగా చెరిపివేయాలి.

2. లొరెయిన్ పిన్ని ఆరేళ్ల క్రితం పట్టుకెళ్లిన గాజు పళ్లెం ఇక ఆమెదే. "నీకెందుకే, వండేదుందా పెట్టేదుందా?" అంది. నిజమే. అయినా అడిగి తీసుకోవలసింది.

3. బూడిదరంగు ఉన్ని శాలువా అక్కకు. బస్సు కోసం నిలబడినప్పుడు కప్పుకోవాలి, చేతిలో పట్టుకుని వణకకూడదు.

4. మా క్రైస్తవ విశ్వవిద్యాలయం అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టు ఫైనల్ గెలిచినప్పుడు సిబ్బందికి పంచిన ఎర్ర కోటును ఎవరికైనా దానం చేయాలి. ఒడెస్సా ప్రూయిట్‌కు మాత్రం పంపకూడదు. ఆమెకు దాన్ని ఇవ్వడానికి నాకు ముఖం లేదు.

5. కారణం ఇది. మా దగ్గర బుధవారం ప్రార్థనకు విద్యార్థులందరూ రావాలి. ఎవరి కుర్చీ వారిది. ఖాళీ కుర్చీలు చూసి గైర్హాజరు వేయడం నా ఉద్యోగం. పది పడితే ఆ ఏడాది ఆట లేదు. ఫైనల్‌కు ముందు వారం, ప్రార్థన అయ్యాక, కోచ్ బెకర్ నా బల్ల దగ్గరికి వచ్చాడు. "మా జట్టులో బ్రిన్‌కి తొమ్మిదున్నాయి తల్లీ. ఇవాళ రాలేదు. వచ్చిందనుకో, పోయేదేముంది? దేవుడు కూడా మన జట్టేగా!" అన్నాడు. నవ్వాను. హాజరు వేశాను. జట్టులో ఒక్కరికైనా వేయకపోతే డీన్‌కు అనుమానం వస్తుందని, నాలాగే నోరెత్తని ఒడెస్సాకు గైర్హాజరు వేశాను. అది ఆమెకు పదోదని చూసుకోలేదు.

మధ్యాహ్నం ఆమె వచ్చింది. "నేనొచ్చానక్కా. నా పక్క సీటమ్మాయిని అడుగు. ఏం పాడామో చెప్పనా?" అని ఒక చరణం పాడింది కూడా. కాగితంలో ఏముంటే అదే అన్నాను. ఆట మీద వచ్చే స్కాలర్‌షిప్ పోయి, ఈస్టర్ రాకముందే ఆమె ఇంటికి వెళ్లిపోయింది.

6. ఈ వీలునామాతో ఉన్న కవరు డీన్‌కు చేరాలి. అందులోని నా ఒప్పుకోలు బుధవారం ప్రార్థనలో, నా పేరుతో సహా, అందరూ వినేలా చదవాలి. ఒడెస్సా పేరు మీది మచ్చ పోవాలి. అక్కా, నేను బతికి లేచినా పంపు. నేను వద్దని ఏడ్చినా వినకు. బతికుండగా చెప్పలేని మాటను చావు చేత చెప్పిస్తున్నందుకు సిగ్గుపడుతున్నాను.

ఫోర్ట్ వేన్, 2019 నవంబరు 6.
ఆనెట్ ష్నైడర్ (సంతకం)

సాక్షులు: ఫెలీసియా ఓర్టన్, నర్సు, హైరమ్ స్టౌట్, పక్క గది రోగి.

సాక్షుల ఎదుటే చేర్చినది: ఆ బుధవారం నేను ప్రార్థనకు వెళ్లలేదు. నా గదిలో పడుకుని నవల చదువుకున్నాను. ఎవరొచ్చారో చూడకుండానే ఆ హాజరు కాగితం మొత్తం నింపాను.