ఇంకో ఏడాది అడుగుతూ అక్కకు

భోపాల్,
ఆదివారం పొద్దున.

సుజాతక్కకు,

మౌనిక రాస్తున్నది. ఈ ఉత్తరం ఇప్పుడే ఎందుకు రాయాల్సి వచ్చిందో ముందే చెప్తాను. కాలేజీలో ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. పెడితే ఇంకో ఏడాది ఇక్కడే ఉంటాను. పెట్టకపోతే మనం అనుకున్నట్టే ఎండాకాలంలో ఇంటికి వస్తాను, బాపు దగ్గర నేనుంటాను, నువ్వు మగ్గం వర్క్ నేర్చుకోవడానికి హైదరాబాద్ పోతావు. నిన్ను అడగకుండా సంతకం పెట్టలేను. ఫోన్‌లో అడిగితే నా మాట సగంలో ఉండగానే "సరే తియ్, చదువుకో" అంటావు. ఉత్తరం చదవాలంటే నీకు టైం పడుతుంది. ఆ టైం నీకు ఇవ్వాలనే రాస్తున్నాను. నేను నేర్పిన అక్షరాలే కాబట్టి పెద్దగా, విడివిడిగా రాస్తున్నాను. తొందరపడకు. కుట్టు మిషన్ పక్కనే పెట్టుకుని రోజుకింత చదువు.

బాపు నడుము ఎట్లా ఉంది? మార్కెట్‌కు మిర్చి రావడం మొదలైతే బస్తాలు ఎత్తొద్దన్నా వినడు. కనీసం ముక్కుకు రుమాలు కట్టుకోమను, పోయినేడు ఆ ఘాటుకు పట్టిన దగ్గు ఎన్ని రోజులున్నదో నీకు తెలుసు. నీ కళ్లు ఎట్లున్నాయి? లైటు కింద కూర్చునే కుడుతున్నావా?

నేను బాగున్నాను. ఇక్కడ చలి ఎక్కువే గానీ నువ్వు కుట్టిచ్చిన బొంత ఉంది కాబట్టి ఫికర్ లేదు. పొద్దున పోహా, రెండు పూటలా రొట్టె. అన్నం పెడతారు గానీ పప్పులో పులుపు ఉండదు. పుంటికూర తొక్కు అయిపోయింది. నేనొక్కదాన్నే తింటే ఇంకొన్ని రోజులు వచ్చేది, నా రూంలో ఉండే రాజస్థాన్ అమ్మాయి రొట్టెలో చుట్టుకుని తిన్నది. కళ్లల్లో నీళ్లు కారుతున్నాయి, అయినా ఇంకో రొట్టె అడిగింది. వీలైతే ఇంకో డబ్బా పంపు. ఈసారి కారం తగ్గించకు.

ఆరోగ్యం బాగుంది, నిజంగానే బాగుంది. మనసే ఒక్కచోట నిలవడం లేదక్కా. బల్ల ముందు కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎటు పోవాలో తెలియదు. ప్లానింగ్ బిల్డింగు నుంచి ల్యాండ్‌స్కేప్ బిల్డింగుకు, అక్కడి నుంచి మళ్లీ ఇటు తిరుగుతున్నాను. మొన్న గేటు దగ్గర కాపలా ఉండే పెద్దాయన "ఏం పోగొట్టుకున్నావు బేటీ?" అని అడిగాడు.

మా కాలేజీలో ల్యాండ్‌స్కేప్ చదువు కూడా ఉందంటే "చెట్లు పెట్టనీకి గూడ గంత దూరం పోయి చదువుడేందే?" అని నువ్వు నవ్వావు కదా, దానికి సరిగ్గా జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెప్తాను. నేను చదివే ప్లానింగ్ అంటే ఊరు ఎటు పెరగాలి, ఇళ్లు ఎక్కడ కట్టుకోనివ్వాలి, రోడ్డు ఎక్కడ వేయాలి అని తేల్చే చదువు. ల్యాండ్‌స్కేప్ అంటే నేల ఎటు వాలి ఉంది, వాన నీళ్లు ఎటు పోతాయి, ఎక్కడ చెట్టు బతుకుతుంది అని చూసే చదువు. ఒక బిల్డింగులో వాళ్లు, ఇంకో బిల్డింగులో వీళ్లు. నడుమ ఒక క్యాంటీన్. జాకెట్ గుడ్డ ఒక దర్జీ, లోపలి లైనింగ్ ఇంకో దర్జీ కత్తిరించి, ఇద్దరూ మాట్లాడుకోకుండా కుడితే ఎట్లుంటుందో నీకు వేరే చెప్పక్కర్లేదు.

పోయిన నెల రెండు క్లాసులనూ కలిపి కూర్చోబెట్టారు. ఎవరి ఊరి మ్యాపు వాళ్లు తీసుకోవాలి. నేను వరంగల్ తీసుకున్నాను. ఇళ్లున్న చోట పసుపు రంగు వేశాను. దాని మీద పలుచని కాగితం పరిచి, నేల వాలును బట్టి నీళ్లు నిలిచే చోట నీలం రంగు వేశారు ల్యాండ్‌స్కేప్ వాళ్లు. మన వాడకట్టు దగ్గర, నాలా పక్కన రెండు రంగులూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. వెనక నుంచి ఒకబ్బాయి "గుంటలో ఇల్లు కట్టుకునేదెవరు?" అన్నాడు. నేను "మేమే" అన్నాను.

అందరూ నా వైపు చూశారు. ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి బాపు గడప సంగతి చెప్పాను. నువ్వు తిట్టుకుంటావేమో గానీ అదే నోటికొచ్చింది. వానాకాలానికి ముందు బాపు సిమెంటు తెచ్చి గడపను మోకాలెత్తు చేసిండని, అది చూసి వాడకట్టులో అందరూ ఒకరిని మించి ఒకరు ఎత్తు చేసుకున్నారని చెప్పాను. వాన పడ్డ రోజు ముందు వాకిట్లో నుంచి చుక్క రాలేదని, బాపు మీసం తిప్పుతూ ఉండగానే బాత్రూం మోరీలో నుంచి నీళ్లు తన్నుకుని వచ్చాయని, బయటికి పోనీకి ఆ గడపే అడ్డమైందని చెప్పాను. నువ్వు మిషన్‌ను మంచం మీదికి ఎక్కించి, దాన్ని పట్టుకుని నవ్వుతూ "నీళ్లను గిట్ల ఇంట్ల పెట్టి సాదుకుంటరా బాపూ?" అన్నావు. ఆయన "నవ్వకే, గడ్డపార ఇయ్యి" అని, తను కట్టిన గడపను తనే పగలగొట్టిండు.

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ల్యాండ్‌స్కేప్ మేడమ్ మాత్రం నవ్వలేదు. "వాళ్ల నాన్న ఒక్క గడప ఎత్తు చేశాడు. మనం రోడ్లన్నీ ఎత్తు చేస్తున్నాం. ఆ నీళ్లు ఎవరింటికి పోవాలి?" అని అడిగింది. తర్వాత నన్ను పక్కకు పిలిచి, ఈ ఏడాది నుంచి రెండు చదువులూ కలిపి చేసే వీలుందని, నాలాంటి వాళ్లు ఇంకో ఏడాది ఉంటే రెండు పట్టాలూ వస్తాయని చెప్పింది. ఫీజుకు స్కాలర్‌షిప్ సరిపోతుంది, ఆ సంగతి ఆఫీసులో అడిగే వచ్చాను.

నాకు ఉండాలని ఉందక్కా. నీ దగ్గర దాచను. ఒక్క ప్లానింగ్ పట్టాతో వస్తే మన వాడకట్టు మీద పసుపు వేయడమో, ఇళ్లు తీసేయండని రాయడమో తప్ప నాకు ఇంకేం చేతకాదు. మన ఇల్లు ఉండాలి, నీళ్లకూ దారి ఉండాలి. అది ఎట్లాగో నాకింకా తెలియదు.

ఆ రోజే నీకు ఫోన్ చేద్దామనుకున్నాను. ఈలోపల మన పక్కింటి రాజవ్వ ఫోన్ చేసింది. "మీ అక్క బ్యాగు కొన్నది బిడ్డా, చక్రాలున్నది. వాడకట్టంత చూపిచ్చింది. గిప్పుడే ఎందుకే అంటే, నీళ్లు తగలకుంట సజ్జ మీద పెడ్త అంటాంది" అని నవ్వింది. నువ్వు నాకు చెప్పలేదు. నేనూ నీకు ఫోన్ చేయలేదు. అప్పటి నుంచే ఈ తిరుగుడు. హైదరాబాద్‌లో నా అయిదేండ్లు, ఇక్కడ రెండేండ్లు, అన్నింటికీ నువ్వు "నీ చదువైనంక నేను పోత" అనుకుంటూ వచ్చావు. ఇప్పుడు మళ్లీ నీ వంతే అడుగుతున్నాను.

ఒక దారి ఉంది గానీ అది మంచి దారి అని చెప్పలేను. చివరి ఆరు నెలలు సొంత ఊరి మీద పని చేయొచ్చు. అప్పుడు నేను ఇంట్లో ఉంటాను, నువ్వు పోవచ్చు. అంటే ఇంకో వానాకాలం నువ్వొక్కదానివే మిషన్ మంచం మీదికి ఎక్కించాలి. నీకు మగ్గం వర్క్ నేర్పుతానన్న ఆమె అన్నాళ్లు ఆగుతుందో లేదో కూడా అడుగు.

బాపుకు నా దండాలు చెప్పు, గడప సంగతి క్లాసులో చెప్పానని మాత్రం చెప్పకు. రాజవ్వను అడిగానని చెప్పు. నువ్వు పెద్దదానివి, నన్ను దీవించు. అయితే ఈ ఒక్క సంగతిలో నా కోసం ఆలోచించకు.

నా అడ్రస్ రాసి, స్టాంపు అంటించిన కవరు ఇందులోనే పెట్టాను. ఫోన్ చేయకు, చేస్తే నువ్వు "సరే" అనేస్తావు. రాజవ్వతో రాయించకు. నీ చేత్తో రాయి, తప్పులు పోయినా ఏం కాదు. "వద్దు" అని ఒక్క మాట రాసినా నేను బండెక్కి వస్తాను, ఎందుకని అడగను. కాగితం వచ్చే నెల పదో తారీఖున ఇవ్వాలి. నీ జవాబు ఎనిమిదో తారీఖు లోపల నా చేతికి అందేటట్టు పోస్టు చెయ్యి.

నీ చెల్లె,
మౌనిక