మెర్సేదెస్‌లో మైకు లేని కచేరీ

మెర్సేదెస్, 4 మే 1989

ప్రియమైన ఒర్తెన్సియా,

నీ ఉత్తరం అందింది. మీ చెల్లెలి మోకాలు కుదుటపడినందుకు సంతోషం. ఇక్కడ చెప్పుకోదగ్గ విశేషాలేమీ లేవు, ఒక్క నవ్వులాట తప్ప.

ఊరి గోడలన్నిటి మీదా ఒక ప్రకటన అంటించారు. "ఒక గొంతు, ఒక పియానో. మైకు లేదు, హంగులు లేవు" అట. మైకు లేకపోవడం ఇప్పుడే కనిపెట్టిన వింతలాగా. నువ్వు పాడుతూ, నేను పియానో వాయిస్తూ ఊళ్ళు తిరిగిన రోజుల్లో మైకు మొహం ఎవరు చూశారు? ఇంతకీ ఈ ఘనకార్యం చేయబోయేది ఎవరనుకున్నావు? గొంతు అబేల్ లారోసాది. నిన్నమొన్నటిదాకా ఊరూరా తిరిగి గొర్రెల మందులు అమ్మినవాడు. పియానో అతని భార్య ఇర్మాది. ఆమె నా దగ్గర ఆరేళ్ళు నేర్చుకుంది, రొట్టెల దుకాణం వాళ్ళమ్మాయి. పదిహేనో ఏట నేనే వెళ్ళగొట్టాను. ఈ చేతులు పిండి పిసకడానికి పుట్టాయి, నా పియానోని హింసపెట్టించకండి అని వాళ్ళమ్మకి మొహం మీదే చెప్పాను. తల్లి ఏడ్చింది. పిల్ల ఏడవలేదు. పుస్తకాలు సంచిలో సర్దుకుని, వెళ్ళొస్తానండీ అని చెప్పి మరీ వెళ్ళింది. ఆ పొగరు నాకింకా గుర్తుంది.

మొన్న ఆమే వచ్చి నా చేతిలో టికెట్ పెట్టింది. ఇప్పుడు నలభై దాటిన మనిషి. మీరు రాకపోతే ఆ హాల్లో నిజంగా వినేవాళ్ళే ఉండరండీ అంది. ముఖస్తుతికి కరిగే వయసా నాది? అయినా వెళతాను. ఊరంతా చప్పట్లు చరిచేటప్పుడు, అది ఎంత నాసిరకమో తెలిసినవాళ్ళు ఒక్కరైనా అక్కడ ఉండాలి కదా.

ఇంకో సంగతి. పాటల జాబితాలో చిట్టచివరిది మన నది వాల్ట్జ్ పాట. మందులమ్మేవాడు దాన్ని పాడతాడట. నవ్వాలో ఏడవాలో నువ్వే చెప్పు.

ఎప్పటిలాగే నీ
సుల్మా


మోంతెవిదేయో, 11 మే 1989

ఒసే సుల్మా, నా ప్రియమైన విషపు సీసా,

నీ ఉత్తరం పైకి చదివి వినిపిస్తే మా చెల్లెలు మోకాలి నొప్పి మరిచిపోయి నవ్వింది. సుల్మా స్వర్గానికి వెళ్ళినా అక్కడి దేవదూతల పాటలో తప్పులు పడుతుంది, నరకానికి వెళితే అక్కడి మంట సరిపోలేదంటుంది అని దాని అభిప్రాయం.

నేను మార్చిలో దుకాణం మానేశాను. ముప్ఫై ఏళ్ళు రిబ్బన్లు కొలిచి, గుండీలు లెక్కపెట్టి ఇచ్చాను. మానేసిన రోజు వాళ్ళు నాకొక కేకు తినిపించారు. అంతే, ఆ జీవితం అయిపోయింది. ఇప్పుడు పొద్దున్నే మాతే ఆకు టీ కాచుకుని, కిటికీ దగ్గర కూర్చుని, దారిన పోయేవాళ్ళని నీలాగే ఈసడించుకోవడం నేర్చుకుంటున్నాను.

కచేరీ అనేదానికి వెళ్ళి నాకు ముప్ఫై ఒక్క ఏళ్ళు. రేడియోలో ఎవరైనా పైస్వరానికి ఊపిరి తీస్తుంటే లేచి వెళ్ళి కట్టేస్తాను. ఆ రోజు పైసాందు ఊళ్ళో ఎనిమిది వందలమంది ముందు నా గొంతు నన్ను మోసం చేసింది. నాతోపాటు నిన్నూ బురదలోకి లాగింది. దాన్ని నువ్వు ఒక్కసారైనా ఎత్తిపొడవలేదు. లోకాన్నంతా కరిచే దానివి, నన్ను మాత్రం కరవలేదు. అందుకే నీ విషం నాకు తేనెలా ఉంటుంది.

వెళ్ళు. వెళ్ళి అన్నీ రాయి. ముఖ్యంగా వాల్ట్జ్ రెండో చరణం చివరి పైస్వరం అతను అందుకున్నాడో లేదో రాయి. అబద్ధం రాయకు.

ముద్దులతో
ఒర్తెన్సియా


మెర్సేదెస్, 22 మే 1989

ప్రియమైన ఒర్తెన్సియా,

ఆదివారం సాయంత్రం అయిదింటికి వెళ్ళాను. ఇటాలియన్ల సంఘం హాలు. ఆ పియానో సంగతి నీకు తెలుసు. పెళ్ళి విందుల్లో దాని మీద గ్లాసులు పెడతారు. ఊళ్ళో పెద్దమనుషులంతా వచ్చారు. మందుల షాపాయన భార్య మొదటి పాటకే కళ్ళు మూసుకుని తలాడించింది. సంగీతం అర్థం కానివాళ్ళందరూ అలాగే కళ్ళు మూసుకుంటారు. నా పక్కన పశువుల డాక్టరు. పాట పాటకీ మధ్య ఆలివ్ గింజంత బిళ్ళ ఒకటి నోట్లో వేసుకుని చప్పరిస్తూ, "ఏం గొంతు, ఏం గొంతు" అని నాకేసి చూశాడు. పళ్ళ నొప్పి ఉందా అని అడిగాను. బిళ్ళల డబ్బా జేబులో పెట్టేసుకున్నాడు.

అబేల్ కొత్త బూట్లు వేసుకున్నాడు. అవి పాటకి ముందూ పాటకి తర్వాతా కిర్రుమన్నాయి. గొంతు పెద్దది, కానీ కడగని గొంతు. సంతలో అరిచి అరిచి వచ్చిన గొంతు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పియానో అంచు పట్టుకుని నిలబడ్డాడు, ఓడలో వాంతి వచ్చేవాడిలాగా. ఇర్మా వీపు ఇంకా గూనిగానే ఉంది. మణికట్టు ఇంకా కిందికే జారుతోంది. ఆరేళ్ళు చెప్పాను దానికి.

ఇక వాల్ట్జ్. మొదటి చరణం ఫరవాలేదనిపించాడు. రెండో చరణం మొదలుకాకముందు వాయించే చిన్న ముక్క ఉంది చూడు, అక్కడ ఇర్మా ఏదో తిప్పింది, రెండు కొత్త స్వరాలు దూర్చింది. తీరా చరణం మొదలయ్యేసరికి శ్రుతి ఒక స్వరం కిందికి దిగిపోయింది. పాట మధ్యలో. హాల్లో ఒక్కడికీ తెలియలేదు. మందులవాడు ఆ పైస్వరం హాయిగా అందుకుని, చేతులు చాచి నిలబడ్డాడు. జనం లేచి నిలబడి చప్పట్లు. నేను లేవలేదు.

అయిపోయాక ఇర్మా నా దగ్గరికి వచ్చింది. నేను ఊరుకునేదాన్నా.

"శ్రుతి దించేశావు" అన్నాను.

"అవునండీ. మీరు కనిపెడతారనే అనుకున్నాను. ఆయనకి మూడు రోజులుగా జలుబు. మొదటి చరణంలోనే ఊపిరి చాలకపోవడం వినబడింది. దించకపోతే అక్కడ విరిగిపోయేవాడు."

"విరిగితే విరుగుతాడు. అది పాడేవాడి కర్మ."

ఆమె మొహంలో కోపం లేదు. అందుకే నాకు ఒళ్ళు మండింది. "మరి పక్కన నేను కూర్చున్నది ఎందుకండీ?" అంది.

ఇదీ నేటి సంగీతం. దొంగతనం చేసి సేవ అంటారు. నీకు అబద్ధం రాయవద్దన్నావు, రాయలేదు. అందుకున్నాడు, కానీ అది ఆ స్వరం కాదు.

నీ
సుల్మా


మోంతెవిదేయో, 30 మే 1989

ప్రియమైన సుల్మా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఈసారి మా చెల్లెలికి వినిపించలేదు.

అలా దించవచ్చా? పాట నడుస్తుండగా? నాకు తెలియదు. పియానో ఎక్కడ మొదలుపెడితే అక్కడే చచ్చినట్టు ఉండాలనుకున్నాను ఇన్నేళ్ళూ. నాకు సంగీతం చదవడం కూడా సరిగ్గా రాదు కదా. నీ చేతులు వినడం ఒక్కటే వచ్చు.

నేనొకటి అడుగుతాను. నింద కాదు. పైసాందులో నాకు మొదటి చరణంలోనే గొంతు పిసికినట్టయింది. రోజూ సునాయాసంగా వెళ్ళేచోటికి ఆ రోజు నిచ్చెన వేసుకుని ఎక్కినట్టుంది. అది నీకు వినబడిందా? వినబడితే దించాలని తోచలేదా? తోచకపోయి ఉండవచ్చు. అప్పుడు నీకు ఇరవై ఎనిమిదేళ్ళే. నాలాంటి చిల్లుపడ్డ గొంతుని ఎవరు మాత్రం మోస్తారు?

ఇబ్బందయితే జవాబు రాయకు.

నీ
ఒర్తెన్సియా


మోంతెవిదేయో, 19 జూన్ 1989

ప్రియమైన సుల్మా,

మూడు వారాలయింది. జవాబు రాయవద్దన్నది ఆ ప్రశ్నకి, మొత్తానికే మానేయమని కాదు. జబ్బు పడ్డావేమోనని మీ పక్కింటికి ఫోన్ చేశాను. ఆరోగ్యంగానే ఉన్నావట, కసాయివాడితో ఎముకల గురించి పోట్లాడావట. అయితే ఉత్తరం ఎందుకు రాదు?

ఒ.


మెర్సేదెస్, 2 జూలై 1989

ఒర్తెన్సియా,

నాలుగు ఉత్తరాలు రాసి చింపేశాను. వాటిలో ఇర్మాని తిట్టాను, నిన్ను తిట్టాను, పైసాందు హాలు కట్టినవాణ్ణి కూడా తిట్టాను. ఇది అయిదోది. దీన్ని మళ్ళీ చదవకుండా పోస్టులో వేస్తాను.

దించాలని తోచలేదా అని అడిగావు. నేను పెంచాను.

ఆ సాయంత్రం వాల్ట్జ్ ఎత్తుగడ మనం సాధన చేసినదానికంటే ఒక స్వరం పైన మొదలుపెట్టాను. నీకు శ్రుతి ఎప్పుడూ నా చేతుల్లోంచే వచ్చేది. నేను ఎక్కడ నిలబెడితే అక్కడ నిలబడేదానివి. అనుమానం కూడా పడలేదు నువ్వు.

ఎందుకంటావు. ఆ మధ్యాహ్నం హోటల్లో, రేడియో స్టేషన్ నుంచి వచ్చినాయన నీతో మాట్లాడుతుంటే నేను మెట్ల మీద ఉన్నాను. గొంతు మాత్రం మాకివ్వండి, పియానో వాయించేవాళ్ళు మా దగ్గర డజనుమంది ఉన్నారు అన్నాడు. నువ్వు నవ్వావు. ఆ నవ్వు విని నేను వెనక్కి తిరిగి నా గదిలోకి వెళ్ళిపోయాను. నువ్వు కొంచెం తడబడితే చాలు, నేను లేకుండా నువ్వు నిలబడలేవని అతనికి తెలుస్తుంది అనుకున్నాను. విరగాలని అనుకోలేదు అని రాయబోతున్నాను. రాయను. ఏం అనుకున్నానో నాకే తెలియదు. మొదటి చరణంలోనే నీ ఊపిరి వినబడింది. దించడం నాకు వచ్చు. ఇర్మా చేసింది నేనూ చేయగలను. చేతులు కదల్లేదు.

నీ గొంతు చిట్లింది. బాల్కనీలో నవ్వారు. నువ్వు తెర వెనక్కి పరిగెత్తావు. ఆ తర్వాత నేను నీ వీపు నిమురుతూ, గొంతులు ఇంతే, ఎప్పుడో ఒకప్పుడు మోసం చేస్తాయి అని చెప్పాను. ఇది అన్నిటికంటే నీచం. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా నువ్వు నీ గొంతుని తిడుతూ ఉత్తరాలు రాస్తుంటే చదివి, మడిచి, సొరుగులో పెట్టుకున్నాను.

నీ గొంతులో ఏ లోపమూ లేదు. ఎప్పుడూ లేదు. ఊళ్ళో ప్రతివాడి చేతులకీ వంక పెట్టే ఈ మనిషి చేతులు చేసిన పని అది.

క్షమించమని అడిగే మొహం లేదు.

సుల్మా


మోంతెవిదేయో, 16 జూలై 1989

సుల్మా,

ప్రియమైన అని రాయడానికి కలం ఒప్పుకోలేదు. ఊరుకున్నాను.

నువ్వు మెట్ల మీద విన్నది నిజమే. నేను నవ్విందీ నిజమే. ఎందుకు నవ్వానో వినకుండా వెళ్ళిపోయావు. ఇంకొక్క నిమిషం నిలబడి ఉంటే వినేదానివి. ఆయన డజనుమంది ఉన్నారంటే నవ్వి, అయితే ఆ డజనుమంది చేతే పాడించుకోండి, సుల్మా లేకుండా నేను రాను అన్నాను. ఆయన సిగరెట్టు సగం కాల్చేదాకా ఆలోచించి, సరే, ఇద్దరూ రండి అన్నాడు. కచేరీ అయ్యాక నీకు చెప్పాలని దాచుకున్నాను. ఆ తర్వాత చెప్పడానికేముంది? నీ అవకాశం కూడా నేనే నాశనం చేశానని సిగ్గుతో ముప్ఫై ఒక్క ఏళ్ళు నోరు మెదపలేదు. నువ్వు నన్ను ఎత్తిపొడవనందుకు నీకు రుణపడి ఉన్నాననుకున్నాను. నీ పుట్టినరోజుకి ఒక్క ఏడాది తప్పకుండా నా చేతులతో అల్లిన శాలువాలు పంపాను. ఎంత వెర్రిబాగులదాన్ని.

నువ్వు రాక్షసివైతే బాగుండేది, సుల్మా. రాక్షసులకి ఒక హోదా ఉంటుంది. నువ్వు మెట్ల మీంచి సగం మాట విని పారిపోయిన ఒక పిరికిదానివి, అంతే. ఇన్నాళ్ళూ ఊరినంతా ఈసడించుకుంటూ నువ్వు నిలబెట్టుకున్న పెద్దరికం వెనక ఉన్నది ఇదా?

మా పేటలో పింఛనుదార్ల క్లబ్బు ఉంది. అక్కడ దర్జీ పని మానేసిన దొన్ ఎలాదియో అనే ముసలాయన పియానో వాయిస్తాడు. చెడ్డగా వాయిస్తాడు. గురువారం వెళ్ళి, నది వాల్ట్జ్ వాయిస్తారా అని అడిగాను. ఏ శ్రుతిలో అమ్మా అన్నాడు. నాకు తెలియదు, మీరు మొదలుపెట్టండి, ఎక్కువైతే చెబుతాను అన్నాను. మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ దించాడు, విసుక్కోకుండా. చివరిదాకా పాడాను. గొంతు తుప్పు పట్టింది, కానీ నిలబడింది. పేకాట ఆడుతున్న నలుగురు ముక్కలు కింద పెట్టేశారు. మా చెల్లెలు కుర్చీలోంచి లేవలేక అక్కడే కూర్చుని ఏడ్చింది. అరవై ఒకటో ఏట, వినేవాళ్ళు పదకొండుమంది.

ఇకనుంచి ప్రతి గురువారం నాలుగింటికి పాడతాను. నిన్ను పిలవడం లేదు. నీ మొహం చూడాలని నాకు లేదు, ఎప్పటికి ఉంటుందో కూడా తెలియదు. ఉత్తరాలు రాయకు, చదవను.

క్లబ్బు తలుపు వేయరు. వీధిలో నిలబడినా వినబడుతుంది. మైకు అక్కర్లేదు.

ఒర్తెన్సియా