టైర్లకంటిన ఘాటు

ఫిబ్రవరి 2, ఆదివారం

మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే మాట. నా కళ్ళుండగా స్టీరింగు నీకెందుకే మెహరూ, అన్నాడు తాత.

ఇషాక్ తాత చిలకలూరిపేట మిల్లులకి పత్తి లారీ తోలి తోలి ముసలాడయ్యాడు. ఇప్పుడు మా పాత కారు తోలుతాడు. ఆదివారమైతే వినుకొండ రోడ్డు, పక్క సీట్లో నేను. బీటెక్ అయిపోయింది. లైసెన్సుంది. తాళమే లేదు. ఒక్కదాన్నే అద్దాలు దించుకుని, కొండ కనబడేదాకా పోవాలని ఎంత ఆశో.

ఫిబ్రవరి 9

రోడ్డు అంచున మిర్చి ఆరబోశారు. అంత ఎరుపు! తిప్పుతాడనుకున్నాను. తిప్పలేదు. కాయలు టైర్ల కింద పటపటమన్నాయి. ఆ రైతు, బుడాన్ అట, పరిగెత్తుకొచ్చి, ఏం పెద్దాయనా, కళ్ళు ఇంటి దగ్గర పెట్టొచ్చావా అని అరిచాడు. తాత తగ్గుతాడా? రోడ్డు మీ మామ రాసిచ్చిన కల్లమేంట్రా అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు.

నాకు నవ్వు రాలేదు. బుడాన్ అరిచేదాకా అక్కడ మిర్చి ఉందని తాతకి తెలీదు.

సాయంత్రం

కారు గేట్లోకి రాగానే ఇంట్లో తుమ్ములు. టైర్లతో పచ్చడి నూరుకొచ్చారా అంది అమ్మ. తాత నా వైపు చూశాడు. నా వైపు కాదు, నా చెవి వైపు. మిర్చి లారీ వెనకాలే వచ్చామమ్మా అన్నాను.

ఫిబ్రవరి 12

నిజం చెబితే ఆదివారాలుండవు. అందుకే.

ఫిబ్రవరి 16

ఎర్ర గౌను. సైకిలు మీద చిన్నపిల్ల, సరిగ్గా ఎదురుగా. తాతా అని అరిచి హ్యాండ్‌బ్రేక్ లాగేశాను. కారు అడ్డం తిరిగి ఆగింది. ఆ పిల్ల మాకేసి చూడను కూడా చూడకుండా తొక్కుకుంటూ పోయింది.

తాత, ఏంటే అడ్డమొచ్చింది, దూడా? అన్నాడు.

పిల్ల, తాతా.

తాళం తీసి నా ఒళ్ళో పెట్టాడు. ఇంటిదాకా నేనే తోలాను. ఇన్నాళ్ళూ కోరుకుంది ఇలా కాదు. అమ్మకి అంతా చెప్పేశాను.

మార్చి 4

గుంటూరు డాక్టరు శుక్లాలు కాదన్నాడు. వయసుతో కంటి వెనక పొర అరిగిందట. నడిమి చూపు పోయిందట, తిరిగి రాదట. తాత ఒక్కటే అడిగాడు. పక్కల కనబడతందిగా డాక్టరుగారూ, పక్కచూపుతో తోలకూడదా?

మార్చి 9, ఆదివారం

అద్దాలు దించాను. కొండ కనబడింది. తాత ఎడమ సీట్లో.

బుడాన్ మిర్చి దగ్గర ఆపమన్నాడు. ఈ ఏడు రంగెట్టా దిగిందే? బాగుంది తాతా. బాగుందంటే, ఎంతెరుపు?

ఆ పిల్ల గౌనంత అనబోయాను. ఘాటుకి మండిపోతున్నాయి.

నా కళ్ళంత, అన్నాను.