ఆరు లక్షలు ఏ తేదీన ఇచ్చాను?

మార్చి 3

చిరంజీవి అబ్బాయికి,

నీ క్షేమం గురించి నువ్వేమీ రాయలేదు కాబట్టి బాగానే ఉన్నావనుకుంటున్నాను.

ఈ ఉత్తరం ఇవాళే రాయడానికి కారణం ఉంది. పొద్దున పదకొండింటికి నీ టైల్స్ దుకాణం గుమాస్తా ఒక కాగితం తెచ్చి, "పెన్సిల్‌తో ఇంటూ పెట్టిన చోట సంతకం చెయ్యండమ్మా, బండి ఇంజను ఆపలేదు" అన్నాడు. ఆపి రమ్మన్నాను. నేను చదవకుండా సంతకం పెట్టింది నా పెళ్ళి రిజిస్టరులో ఒక్కసారే. ఆ అనుభవం చాలు.

కాగితంలో ఉన్నది ఇది: నేను నీకు ఆరు లక్షలు అప్పిచ్చాను. నువ్వు నెలకు పన్నెండు వేల చొప్పున రెండేళ్ళుగా తీరుస్తున్నావు. నీ కూతురు పిచ్చుక పోషణ ఖర్చు పెంచమని కోడలు వేసిన కేసులో దీన్ని దాఖలు చేస్తారట.

ముప్పై నాలుగేళ్ళ లెక్కల పుస్తకాలూ దించి చూశాను. అప్పు అన్న మాట ఎక్కడా లేదు. పన్నెండు వేలు వచ్చినట్టు ఒక్క నెల కూడా లేదు. పొరపాటు నాదైతే దిద్దుకుంటాను. ఆరు లక్షలు ఏ తేదీన ఇచ్చాను?

ఆశీస్సులతో,
అమ్మ

తా.క. అయిదేళ్ళలో నీనుంచి వచ్చినవి అన్న పద్దులో ఒక గొడుగు ఉంది. దానిమీద నీ దుకాణం పేరు అచ్చేసి ఉంది కనుక అది కానుక కాదు, నేను మోసిన ప్రకటన. కూలి అడగడం లేదు.


మార్చి 7

అమ్మకి,

నమస్కారం. అమ్మా, నువ్వు ప్రతిదానికీ పరీక్ష పేపరు దిద్దినట్టు దిద్దుతావు. తేదీదేముంది, నీకు నచ్చింది వేసుకో. విడాకులప్పుడు ఆస్తీ అప్పులూ ప్రమాణం చేసి చూపించమన్నారు. ఏదో ఒక అప్పు కనిపిస్తే ఆవిడ వాటా తగ్గుతుందని లాయరు అంటే, బయటివాళ్ళ పేరు ఎందుకని నీ పేరు రాశాను. ఇప్పుడు ఆ అప్పు తీరుస్తున్నట్టు చూపిస్తే పాపకి ఇచ్చేది పెరగదు. అంతే.

పుస్తకాల్లో లేదంటే ఒక దారుంది. మా లాయరుకి తెలిసిన డాక్టరు ఉన్నాడు. నీకు మతిమరుపు మొదలైందని రాసిస్తాడు. అప్పుడు నీ పుస్తకాలు ఎవరూ అడగరు. గురువారం నాలుగింటికి టైము తీసుకున్నాను. తప్పకుండా వెళ్ళు. ఫీజు నేను కట్టేశాను.

ఉంటాను,
అబ్బాయి

తా.క. ఆవిణ్ణి ఇంకా కోడలు అని రాస్తున్నావు. కోర్టు విడాకులిచ్చి రెండేళ్ళయింది.


మార్చి 14

చిరంజీవి అబ్బాయికి,

కోర్టు విడాకులిచ్చింది మీ ఇద్దరికి. నాకూ ఆమెకూ ఇవ్వలేదు. ఆ విషయం ఇంతటితో సరి.

నీ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. వందలోంచి ఏడు తీసేస్తూ పొమ్మన్నాడు. రెండు దాకా పోయాను. అక్కడ ఆగుతాననుకున్నాడు. మైనస్ అయిదు, మైనస్ పన్నెండు అన్నాను. "చాలమ్మా" అన్నాడు. వాళ్ళ నర్సు ఫైల్లో నా వయసు తప్పు రాస్తే అది కూడా దిద్ది వచ్చాను. జ్ఞాపకశక్తి నిక్షేపంగా ఉందని సర్టిఫికెట్ రాసి, సంతకం చేసి, ముద్ర వేసి ఇచ్చాడు. నువ్వు డబ్బు కట్టిన పని కాబట్టి భద్రంగా దాచాను.

శుక్రవారం పిచ్చుకను, దాని వంగిన వెన్నుకు పట్టీ చేసే ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను. కోడలికి ఆస్పత్రి లాండ్రీలో సెలవు దొరకలేదు. ఆయన పట్టీ విప్పి, టేపుతో కొలిచి, తల అడ్డంగా ఆడించాడు.

"ఏడాదిలో రెండంగుళాలు పెరిగిందండీ పాప. ఇది పక్కటెముకల్లో గుచ్చుకుంటోంది. కొత్తది పోత పోయాల్సిందే. ఈ ఏడాది వదిలేస్తే వెన్ను ఇంకా వంగుతుంది, తరవాత ఆపరేషనే."

"ఎంతవుతుంది?" అన్నాను.

"అరవై నాలుగు వేలు."

పిచ్చుక బల్లమీద కూర్చుని, చొక్కా గుండీలు పెట్టుకుంటూ అడిగింది: "నానమ్మా, నేను పెరగడం కొన్నాళ్ళు ఆపితే ఎవరికీ ఖర్చుండదు కదా?"

దానికి తొమ్మిదేళ్ళు. నేను ముప్పై ఒక్క ఏళ్ళు పాఠాలు చెప్పాను. ఏ ప్రశ్నకూ జవాబు తెలియదని అనలేదు. ఆ రోజు అన్నాను.

నీ సంతకం విషయం. పూర్తిగా చదవనిదే పెట్టను. విడాకులప్పుడు ఇచ్చిన ఆస్తుల పత్రం, ఇప్పుడు ఇస్తున్న ఆదాయ పత్రం, రెండూ పంపు.

అమ్మ

తా.క. ఆ డాక్టరుకు బిల్లులో కూడిక రాలేదు. నీకు నూట యాభై తిరిగి రావాలి. అడిగి తీసుకో.


మార్చి 17

అమ్మకి,

నమస్కారం. దారికొచ్చావు, సంతోషం. నువ్వు మొండిదానివని లాయరుతో పందెం కాశాను. ఓడిపోయినా బాధ లేదు.

రెండు పత్రాలూ పంపుతున్నాను. అంకెలు చూసి కంగారుపడకు. విడాకులప్పుడు నెలకు లక్షా ఎనభై వేలు వస్తాయని రాశాను. ఫ్లాటు నాకు వదిలెయ్యాలంటే వాయిదాలు కట్టగలనని చూపించాలి కదా. ఇప్పుడు ముప్పై అయిదు వేలే అని రాశాను. దుకాణం అదే, నేనూ నేనే. కానీ ఆ కాగితం ఆ కేసుది, ఈ కాగితం ఈ కేసుది. విడాకుల్లో బయటపెట్టిన లెక్కలు రహస్యం. జడ్జిగారు అనుమతి ఇస్తే తప్ప ఇంకో కేసులో వాడకూడదు. ఆవిడ దగ్గర ఆ పత్రం ప్రతి ఉంది. అయినా వాళ్ళ లాయరు ముట్టుకోకూడదని బీరువాలో పెట్టుకుని కూర్చున్నాడు. అనుమతి అడగొచ్చని ఆయనకి తోచలేదు.

పట్టీ సంగతి ఆవిడ ఎక్కువ చేస్తోంది. పాతదే ఇంకో ఏడాది వస్తుంది. అది అనవసర ఖర్చని మేం కోర్టులో రాసేశాం కూడా.

సంతకం చేసి గుమాస్తా చేతికివ్వు.

అబ్బాయి

తా.క. పందెం డబ్బు నీ ఖాతాలో రాయకు.


మార్చి 24

అబ్బాయికి,

నీ పత్రాలు రెండూ మూడేసిసార్లు చదివాను. మొదట కోపం వచ్చింది. తరవాత, నా కొడుకు ప్రమాణం చేసి అబద్ధం చెప్పాడని ఒప్పుకోవడం కంటే నా పుస్తకాలే తప్పనుకోవడం తేలికనిపించింది. అందుకని మళ్ళీ దించాను. అప్పు కోసం కాదు, ఇచ్చినవి అన్న పద్దు కోసం.

దుకాణం అడ్వాన్సు రెండు లక్షల యాభై వేలు. ఫ్లాటు మొదటి చెల్లింపుకు నా రిటైర్‌మెంటు డబ్బులోంచి మూడు లక్షలు. మోటారు సైకిలు మీదనుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నప్పుడు ఆస్పత్రికి తొంభై ఒక్క వేల ఏడు వందల యాభై. మొత్తం ఆరు లక్షల నలభై ఒక్క వేల ఏడు వందల యాభై.

వీటిని నేను ఎన్నడూ అప్పు అనుకోలేదు. తల్లిని కనుక ఇచ్చానని అనుకున్నాను. అప్పు అని నువ్వే జడ్జిగారి ముందు ప్రమాణం చేశావు. కాదనడానికి నేనెవరిని? నువ్వు అబద్ధమనుకుని చెప్పింది దాదాపు నిజం, నలభై ఒక్క వేల ఏడు వందల యాభై తక్కువ చెప్పావు, అంతే.

కాబట్టి సంతకం చేశాను. అంకె సరిదిద్ది, తేదీలు మూడూ వేసి, నెలనెలా తీరుస్తున్నావన్న వాక్యం కొట్టేసి, పక్కన పొడి సంతకం పెట్టాను. ఆ పన్నెండు వేలు రెండేళ్ళుగా ఎవరికిస్తున్నావో కనుక్కో. నాకైతే కాదు.

ఆ అప్పు వసూలు చేసుకునే హక్కును స్టాంపు కాగితం మీద పిచ్చుక పేర రాసిచ్చాను. దాని వాటా తగ్గించడానికి నువ్వు చూపించిన బాకీ ఇక దానికే బాకీ.

నువ్వు పంపిన ప్రతులు ఎవరికీ చూపలేదు. ఈ కవరులోనే తిప్పి పంపుతున్నాను. కోడలికి నీ ఉత్తరంలోని ఒక్క వాక్యం మాత్రం చెప్పాను: జడ్జిగారు అనుమతి ఇస్తే తప్ప. వాళ్ళ లాయరు ఆ మధ్యాహ్నమే దరఖాస్తు పెట్టాడు.

ఎందరో పిల్లలకు సున్నా వేశాను. ఏ పేపరూ మళ్ళీ తీసి చూడలేదు, నీది తప్ప.

అమ్మ

తా.క. ఇక జరగవలసినవి:

1. ఏప్రిల్ 4న అనుమతి దరఖాస్తు విచారణ. లక్షా ఎనభై వేలూ, ముప్పై అయిదు వేలూ పక్కపక్కన పెట్టి చూడాలని అడుగుతారు. అంతకు ముందే నిజమైన అంకె నువ్వే రాసిస్తే జడ్జిగారికి శ్రమ తప్పుతుంది.

2. సాక్షిగా నేను వస్తాను. నా జ్ఞాపకశక్తి మీద నీ లాయరుకు అనుమానముంటే, మీ డాక్టరు సర్టిఫికెట్ తెస్తాను.

3. బాకీలో మొదటి అరవై నాలుగు వేలు ఈ శనివారంలోగా వెన్ను పట్టీ చేసే ఆయనకు నేరుగా కట్టాలి. రసీదు పిచ్చుక పేర.

4. పట్టీ అనవసర ఖర్చన్న వాక్యం కోర్టులోంచి వెనక్కి తీసుకోవాలి.

5. గొడుగు గుమాస్తా చేత పంపిస్తున్నాను. వానాకాలంలో కొత్తది నా డబ్బుతో కొనుక్కుంటాను.

6. పిచ్చుక అడిగినదానికి జవాబు బాకీ ఉంది. పెరగడం ఆపనక్కర్లేదని దానికి ఎవరైనా చెప్పాలి. ఆ మాట నేను చెప్పను. నువ్వు వెళ్ళి చెప్పాలి.