పోలిక వార్డులో పద్నాలుగో మంచం

మార్చి 3
నేటి నుంచి ఈ ఆసుపత్రిలో నేను అమలు సలహాదారుణ్ణి. మార్గదర్శకం ఒకే వాక్యం: సెలైన్ కోసం చేతికి గుచ్చి ఉంచే సూదిని అవసరం తీరగానే తీసేయాలి. ఉంచితే నరం వాస్తుంది, చీము పడుతుంది. ఈ వాక్యం గోడమీదికి వచ్చి ఆరేళ్లయింది. గోడ నుంచి మంచం దాకా దాన్ని నడిపించడానికి నన్నూ, తెలిసిన పని మనుషులు ఎందుకు చెయ్యరో పద్నాలుగు గళ్లలో చెప్పే ప్రవర్తనా సిద్ధాంతాన్నీ నియమించారు.

మార్చి 5
కింది వార్డు హెడ్ నర్సును ఇంటర్వ్యూ చేశాను. ఆమెకన్నా పెద్దవాళ్లు కూడా ఆమెను పెద్దక్క అంటారు. తియ్యడం తెలియకా సార్, తీసిన గంటకే డాక్టరు ఇంకో ఇంజెక్షన్ రాస్తాడు, మళ్లీ గుచ్చితే పేషెంటు తిడతాడు, గుచ్చకపోతే డాక్టరు తిడతాడు, ఉంచేస్తే ఎవరూ తిట్టరు, అంది. సదరు వాంగ్మూలాన్ని 'పర్యవసానాలపై నమ్మకాలు' అనే గడిలో చేర్చాను. ఆ గడి అంటే ఏమిటని అడిగింది. వివరించాను. నేనన్నదీ అదేగా, అంది.

మార్చి 7
పథకం ఖరారు. పై వార్డులో శిక్షణ, రిమైండర్లు, ఫీడ్‌బ్యాక్. కింది వార్డు పోలిక కోసం: అక్కడ సిబ్బందికి ఎవరూ ఏమీ చెప్పరాదు, చూసి నమోదు చేయాలి. నిబంధన రాసింది నేనే.

మార్చి 10
నాన్నకు న్యుమోనియా. పై వార్డులో ఖాళీ లేదు. కింది వార్డు, పద్నాలుగో మంచం. సూది కుడిచేతికి. నాన్న గడియారాలు బాగుచేస్తారు, ఆ చేత్తోనే.

మార్చి 12
మందులన్నీ మాత్రల్లోకి మారాయి. సూది అవసరం తీరింది. సూది ఉంది. షీటులో టిక్ పెట్టాను.

మార్చి 13
ఉంది.

మార్చి 14, ఉదయం 9
మణికట్టు దగ్గర ఎర్రబడింది. ఒరేయ్, నీ ఉద్యోగం దీని గురించే కదా, ఇదింకా ఎన్నాళ్లురా, అన్నారు నాన్న. అడుగుతానన్నాను. తలుపు దగ్గరే పెద్దక్క ఎదురైంది. మాట నోటిదాకా వచ్చింది. నోరు తెరిస్తే వార్డు పోలికకు పనికిరాదు, బేస్‌లైన్, అంటే తొలి నమోదు, ముగియడానికి మూడే రోజులు. బాగున్నారా, అన్నాను. మీ నాన్నగారు భలే జోకులేస్తారు సార్, అంది.

11.30
అడ్డంకుల ప్రశ్నావళిని నాకు నేనే నింపుకున్నాను. జ్ఞానం: ఉంది. ఉద్దేశం: ఉంది. అవకాశం: తలుపు దగ్గర నిలబడింది. పద్నాలుగింటిలోనూ అడ్డంకి దొరకలేదు. ప్రశ్నావళిలో లోపం ఉండవచ్చు.

మార్చి 15
కాలుకాలిన పిల్లిలా రెండు అంతస్తుల మధ్య పదకొండుసార్లు తిరిగాను. దీన్ని పర్యవేక్షణగా నమోదు చేశాను.

మార్చి 16
జ్వరం. చెయ్యి మోచేతి దాకా వాచింది. పెద్దక్క సూది పీకి, చీము చూసి, నావైపు తిరిగింది. రోజూ వచ్చి రాసుకుపోతున్నారు కదా, ఒక్క మాటంటే నోటి ముత్యాలు రాలతాయా సార్, అంది. నియమావళి, అన్నాను. నేను తిట్లకు భయపడి ఉంచాను, మీరు దేనికి భయపడ్డారు, అని అడిగింది. ఈ ప్రశ్నను ఏ గడిలో వేయాలో తెలియలేదు. మధ్యాహ్నం చెయ్యి కోసి చీము తీశారు.

ఏప్రిల్ 21
కమిటీకి నివేదిక సమర్పించాను. పై వార్డులో గణనీయమైన మెరుగుదల. పద్నాలుగో మంచం లెక్కలోంచి మినహాయింపు. కారణం: పరిశోధకుని బంధువు. నా నిజాయితీని చైర్మన్ గారు ప్రత్యేకంగా కొనియాడారు.

ఏప్రిల్ 23
నాన్న చూపుడువేలు ఇంకా ముడుచుకోవడం లేదు. నేను ఇంట్లో లేనప్పుడు పట్టకారుతో స్క్రూ ఎత్తబోతారట, అమ్మ చెప్పింది. నేను రాగానే బల్ల సర్దేస్తారు.